ఆకు శుభ్రంగా ఉందంటే రెండర్థాలు: గోధుమలో తుప్పు తెగులు పరీక్షలు

వేరుశనగ రైతుకు కుంకుమ తెగులు గురించి చెప్పాల్సిన పనిలేదు. ఆకు అడుగున వేలితో రాస్తే ఇటుకపొడి లాంటిది అంటుకుంటుంది. గోధుమను పట్టే తుప్పు కూడా ఆ కుటుంబానిదే, పక్సీనియా అనే శిలీంధ్రం. ఆ పొడిలో రేణువు ఒక్కోటీ ఒక సిద్ధబీజం, అంటే స్పోరు. గాలిలో వందల కిలోమీటర్లు వెళ్లి, తడి ఉన్న గోధుమ ఆకు మీద వాలితే మళ్లీ మొలుస్తుంది. ఒక్క పొక్కు నుంచి వేల స్పోర్లు రాలతాయి. రెండు వారాల్లోపే కొత్త తరం తయారవుతుంది. ఊరంతా ఒకే రకం వేసినచోట ఈ లెక్క ఎటు పోతుందో ఊహించుకోవచ్చు.

మందు కొట్టి ఆపొచ్చు. కానీ లక్షల ఎకరాల్లో సమయానికి కొట్టడం అయ్యే పని కాదు కాబట్టి, తట్టుకునే రకాన్ని ఎంచుకోవడమే అసలు రక్షణ. అది తట్టుకుంటుందని తేల్చేదెలా? ఒక రకం మీద పొక్కు ఒక్కటీ కనిపించలేదనుకోండి. ఆ రకం తెగులును ఆపిందా, అసలు తెగులే దాని దగ్గరకు రాలేదా? రెండు సందర్భాల్లోనూ ఆకు ఒకేలా ఉంటుంది. పరీక్ష పేరుతో జరిగే శ్రమంతా ఈ రెండింటినీ విడదీయడానికే.

గోధుమకు మూడు తుప్పులు వస్తాయి. కాడ మీద, ఆకు తొడుగుల మీద పొడవాటి పొక్కులు వేసి, కోత నాటికి నల్లబడేది నల్ల తుప్పు, అంటే కాడ తుప్పు. ఆకు మీద చెల్లాచెదురుగా గుండ్రటి పొక్కులు వేసేది ఆకు తుప్పు. దీన్ని రంగు పేరుతో పిలిస్తే ‘గోధుమకు గోధుమరంగు తుప్పు’ అని నాలుక మడత పడుతుంది కాబట్టి ఆకు తుప్పు అనే అందాం. ఈనెల వెంట వరుసగా, కుట్టు మిషన్ మీద కుట్టినట్టు పసుపు చారలు వేసేది పసుపు తుప్పు. దీనికి చలి కావాలి. కాడ తుప్పుకు వెచ్చదనం కావాలి. ఆకు తుప్పుది మధ్యరకం. దేనికి ఎక్కడ పరీక్ష పెట్టాలో ఈ చలీ వెచ్చదనమే నిర్ణయిస్తాయి.

భారతదేశంలో ఈ తుప్పుల రాకపోకలను మొదట తేల్చినవారు ఆగ్రాకు చెందిన ప్రొఫెసర్ కె.సి. మెహతా. మైదానాల ఎండాకాలాన్ని స్పోర్లు తట్టుకోలేవు, ఆ కాలంలో చేలో గోధుమా ఉండదు. కాబట్టి తెగులు ఏటా కొండల మీద నుంచి కొత్తగా దిగిరావాల్సిందే. పసుపు తుప్పు హిమాలయాల నుంచి, కాడ తుప్పు నీలగిరి, పళని కొండల నుంచి, ఆకు తుప్పు రెండు వైపుల నుంచీ వస్తుంది. తర్వాత ఎస్. నాగరాజన్, ఎల్.ఎం. జోషి వాతావరణ పటాలు ముందేసుకుని, బంగాళాఖాతపు తుపానుల గాలులు దక్షిణపు స్పోర్లను మధ్య భారతానికి ఎలా చేరుస్తాయో వివరించారు. మన కోస్తాను అల్లాడించే నవంబరు తుపాను, దక్కను మీదుగా గోధుమ తెగులును కూడా మోసుకుపోగలదన్నమాట.

మెహతా 1930ల్లో సిమ్లాలోని ఫ్లవర్‌డేల్‌లో నెలకొల్పిన కేంద్రం ఇప్పుడు కర్నాల్‌లోని భారతీయ గోధుమ, బార్లీ పరిశోధన సంస్థ కింద ఉంది. మూడు తుప్పులకూ సంబంధించిన తెగలు వందకు పైగా అక్కడ సజీవంగా ఉంటాయి. తెగ అంటే పాథోటైప్. కంటికి అన్నీ ఒకే పొడి. ఏ రకాన్ని జయించగలదన్న దాంట్లోనే తేడా. అందుకే ‘ఈ రకం పసుపు తుప్పును తట్టుకుంటుంది’ అన్న మాట సగం మాటే. ఏ తెగను, మొక్క ఏ వయసులో, ఎంత వేడిలో అన్నది చెప్పకపోతే ఆ మాటకు బరువు లేదు.

ట్రేలో ఎనిమిది రోజుల మొక్క

మొదటి పరీక్ష నారు దశలో, గాజు ఇంట్లో. సుమారు 29 సెంటీమీటర్ల పొడవు, 12 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న అల్యూమినియం ట్రేలో మూడు వంతుల మెత్తటి మట్టి, ఒక వంతు పశువుల ఎరువు కలిపి నింపుతారు. అందులో 18 రకాలు, ఒక్కోదానివి అయిదారు గింజలు విత్తుతారు. పందొమ్మిదోది తప్పనిసరిగా తెగులుకు లొంగే రకం. ఆగ్రా లోకల్ ఆ పని చాలా కాలంగా చేస్తోంది. ఏడెనిమిది రోజులకు మొదటి ఆకు పూర్తిగా విచ్చుకుంటుంది. అప్పుడు ఒకే తెగకు చెందిన స్పోర్లను, సుమారు 10 మిల్లీగ్రాములు 2 మిల్లీలీటర్ల తేలికపాటి ఖనిజ నూనెలో కలిపి, సన్నటి తుంపరగా ఆకుల మీద కొడతారు. నూనె ఎందుకంటే, గోధుమ ఆకు మీద మైనపు పూత ఉంటుంది. దాని మీద ఉత్త నీరు నిలవదు, జారిపోతుంది. నూనె ఆరిపోయాక నీటి తుంపర ఇచ్చి, మంచు గదిలో, అంటే ఆకు మీద మంచు బిందువులు నిలిచేంత తేమ ఉన్న గదిలో, 48 గంటలు ఉంచుతారు. ఆ తర్వాత గాజు ఇల్లు: ఆకు, కాడ తుప్పులకు 22 డిగ్రీల అటూ ఇటూ, పసుపు తుప్పుకు 16.

ఎక్కువ పరీక్షలు చెడేది ఆ 48 గంటల్లోనే. ఆకు మీద తడి పొర తెగకుండా ఉండాలి. మధ్యలో గంటసేపు ఆరినా, మొలిచిన స్పోరు లోపలికి దారి దొరక్కుండానే చచ్చిపోతుంది. కాడ తుప్పుకు ఇంకో మెలిక ఉంది. చీకట్లో మొలుస్తుంది కానీ, పత్రరంధ్రం గుండా లోపలికి చొరబడాలంటే వెలుతురు, కాస్త వేడి కావాలి. మంచు గది దీపం వేయడం మరిచిపోతే, కాడ తుప్పు ట్రేలన్నీ తళతళలాడుతూ బయటికొస్తాయి. ఆకు తుప్పు మాత్రం చీకట్లోనూ చొరబడుతుంది. రెండు ట్రేలూ ఒకే గదిలో ఉండి, ఒకటి పండి ఒకటి ఎండితే ముందు చూడాల్సింది ఆ దీపాన్నే.

ఇంకో పొరపాటు ఫ్రీజర్ దగ్గర జరుగుతుంది. స్పోర్లను బాగా ఆరబెట్టి మైనస్ 80 డిగ్రీల దగ్గరో, ద్రవ నైట్రోజన్‌లోనో ఏళ్ల తరబడి దాస్తారు. బయటికి తీసినప్పుడు అవి చలి నిద్రలో ఉంటాయి. 40 డిగ్రీల పైచిలుకు వెచ్చటి నీటిలో ఆ గొట్టాన్ని అయిదు నిమిషాలు ముంచి లేపాలి. ఇది చేయకుండా నేరుగా కొడితే మొలక శాతం పడిపోతుంది. పరీక్షలోని రకాలన్నీ గొప్పగా తట్టుకున్నట్టు కనిపిస్తాయి. వాడబోయే ముందు చిటికెడు స్పోర్లను అగార్ అనే జిగురు పదార్థం మీద చల్లి, కొన్ని గంటల తర్వాత సూక్ష్మదర్శినిలో మొలకలు చూసుకునేది ఇందుకే.

రెండు వారాలకు ఆకు చదవాలి, పసుపు తుప్పుకైతే ఇంకో రెండు మూడు రోజులు పడుతుంది. స్టాక్‌మన్ కొలమానంలో సున్నా అంటే ఏమీ లేదు. సెమికోలన్ గుర్తు అంటే సూదిమొన అంత ఎండిన చుక్క. 1 అంటే చుట్టూ చచ్చిన కణజాలం ఉన్న చిన్న పొక్కు. 2 అంటే చిన్న, ఓ మోస్తరు పొక్కులు. కాడ తుప్పులో ఇవి పచ్చటి దీవిలో కూర్చున్నట్టు ఉండి, చుట్టూ పాలిపోయిన వలయం ఉంటుంది. 3, 4 అంటే పెద్ద పొక్కులు, ఆకు లొంగిపోయింది. 2 వరకు తట్టుకున్నట్టు, 3 నుంచి లొంగినట్టు లెక్క.

వీటిలో బాగా నమ్మదగినది సున్నా కాదు, సెమికోలన్. శిలీంధ్రం వచ్చింది, లోపలికి చొరబడింది, మొక్క తన కొన్ని కణాలను తానే చంపుకుని దాన్ని అక్కడే నిలిపేసింది. ఆ ఎండిన చుక్క ఈ పోరాటానికి రసీదు. సున్నాకు అలాంటి రసీదు లేదు. అందుకే పక్కనున్న ఆగ్రా లోకల్ మీద 4 పడితేనే సున్నాను సున్నాగా రాసుకోవాలి. దాని మీద కూడా పలచగా పడితే ట్రే మొత్తం పారేసి మళ్లీ విత్తడం తప్ప మార్గం లేదు.

చిక్కు పెట్టేది ‘ఎక్స్’ అనే గుర్తు. ఒకే ఆకు మీద చుక్కా, చిన్న పొక్కూ, పెద్ద పొక్కూ కలగలిసి ఉంటాయి. ఇది ఆ రకపు స్వభావం కావచ్చు, లేదా కొట్టిన స్పోర్లలో రెండు తెగలు కలిసిపోయి ఉండొచ్చు. తేల్చే ఉపాయం తేలికే: పెద్ద పొక్కు ఒక్కదాని స్పోర్లు తీసి అదే రకం కొత్త మొక్కల మీద వేయాలి. మళ్లీ కలగలుపే వస్తే అది రకం గుణం. అన్నీ పెద్ద పొక్కులే వస్తే మన స్పోర్లే కల్తీ. అదే ఒక మొక్క మీద 4, పక్క మొక్క మీద చుక్కలు ఉంటే తప్పు శిలీంధ్రానిది కాదు, విత్తనంలో కేళీలు, అంటే వేరే రకం గింజలు ఉన్నాయి. ఒక్క గింజ కాకుండా అయిదారు విత్తేది ఇది బయటపడటానికే.

వేడి కూడా మోసం చేస్తుంది. కాడ తుప్పును ఆపే ఎస్‌ఆర్6 జన్యువు 20 డిగ్రీల దగ్గర గట్టిగా నిలబడుతుంది, 25 దాటితే చేతులెత్తేస్తుంది. గాజు ఇంటి కూలర్ ఒక మధ్యాహ్నం ఆగిపోతే, ఆ జన్యువున్న రకాలన్నీ లొంగే ఖాతాలో పడతాయి.

పొలంలో తెగులు పెంచడం

నారు దశలో లొంగినవన్నీ పనికిరానివి కావు. కొన్ని జన్యువులు మొక్క ఎదిగాకే పనిచేస్తాయి. అందుకే రెండో పరీక్ష పొలంలో. మీటరు పొడవు వరుసల్లో ఒక్కో రకం విత్తి, ప్రతి 20 వరుసలకు ఒకటి, మడి చుట్టూ కంచెలా మరికొన్ని వరుసలు లొంగే రకాల మిశ్రమం వేస్తారు. వీటి పని తెగులును పంచడం. తెగులు పరీక్ష రకాల మీద నేరుగా కాకుండా వీటి మీద నుంచి వాటికి పాకాలి. కాడ తుప్పుకైతే మొక్క పొట్ట దశలో ఉన్నప్పుడు ఈ పంచే వరుసల కాడల్లోకి సిరంజితో స్పోర్ల నీటిని ఎక్కిస్తారు. మిగతా వాటికి లీటరు నీటిలో ఆకుకు అంటుకునేలా చేసే ట్వీన్-20 ద్రవం కొన్ని చుక్కలు వేసి, స్పోర్లు కలిపి, పొద్దుగూకాక పిచికారీ చేస్తారు. ఉదయం కొడితే ఎండకు గంటలోనే పని అయిపోతుంది. అంతకు ముందే తడి ఇచ్చి ఉంటే రాత్రి మంచు బాగా పడుతుంది. పసుపు తుప్పుకు కర్నాల్, లూధియానా వంటి ఉత్తరాది కేంద్రాల్లో ఇది చలి ముదిరిన రోజుల్లో జరుగుతుంది. కాడ తుప్పుకు మహాబలేశ్వర్, నీలగిరుల్లోని వెల్లింగ్టన్, ఇండోర్ వంటి చోట్లు అనుకూలం.

ఆ తర్వాత లెక్క రాయడం. పోటాకు, దాని కింది ఆకులు చూసి ‘40ఎస్’, ‘10ఎంఆర్’ అని రాస్తారు. అంకె తీవ్రత శాతం, అక్షరాలు పొక్కు స్వభావం: ఆర్ అంటే తట్టుకున్నది, ఎంఆర్ ఓ మోస్తరుగా తట్టుకున్నది, ఎంఎస్ ఓ మోస్తరుగా లొంగినది, ఎస్ లొంగినది. కొత్తవారు తడబడేది అంకె దగ్గర. సవరించిన కాబ్ కొలమానంలో 100 అంటే ఆకు నూరు శాతం పొక్కులతో నిండిందని కాదు, నిజంగా 37 శాతం విస్తీర్ణం నిండిందని. పొక్కులు అంతకు మించి కిక్కిరియలేవు కాబట్టి దాన్నే వందగా పెట్టారు. బొమ్మల చార్టు చూడకుండా కంటి అంచనాతో రాసేవారు 100 పడాల్సిన చోట 35 రాసి ఊరుకుంటారు.

సీజన్‌లో ఒక్కసారి రాస్తే చాలదు. ఒక రకం మీద వారం వారం 0, 5, 20, 60 పడ్డాయి. ఇంకోదాని మీద 20, 40, 50, 60. చివరి రోజు చూసినవారికి రెండూ 60. కానీ వరుసగా రెండేసి అంకెల సగటు తీసి, ఏడు రోజులతో గుణించి కలిపితే మొదటిదానికి 385, రెండోదానికి 910 వస్తుంది. గింజ పాలు పోసుకునే రోజుల్లో ఆకు ఎంతకాలం పచ్చగా ఉందన్నదాన్ని ఈ లెక్కే పట్టిస్తుంది.

పొలంలో ఆకు శుభ్రంగా కనబడటానికి తప్పుడు కారణాలూ చాలానే ఉన్నాయి. త్వరగా కోతకొచ్చే రకం, తెగులు ముదిరేలోపే ఎండిపోయి తప్పించుకుంటుంది. అది తట్టుకోవడం కాదు. ఆకుమచ్చ తెగులు ముందే ఆకును తినేస్తే తుప్పుకు చోటే మిగలదు. అలాంటి వరుసకు సున్నా వేయకుండా ‘చూడలేకపోయాం’ అని రాయాలి. ఆ సంవత్సరం చలికాలం పొడిగా పోయి పంచే వరుసలే 20 దాటకపోతే, ఆ మడి లెక్కలన్నీ పక్కన పెట్టడమే నిజాయితీ. దీనికి విరుద్ధమైన అన్యాయమూ ఉంది. మెల్లగా తెగులు పట్టే రకానికి అటూ ఇటూ నూటికి నూరు పట్టిన వరుసలుంటే, రైతు చేలో ఎన్నడూ పడనంత స్పోర్ల వాన దాని మీద పడుతుంది. పరీక్ష మడిలో 40 పడిన అలాంటి రకం, పెద్ద విస్తీర్ణంలో ఒక్కటే వేసినప్పుడు 15 దగ్గరే ఆగిపోవచ్చు.

దేశమంతటి కేంద్రాల నుంచి వచ్చిన లెక్కలను ఒక్క అంకెలోకి కుదిస్తారు. ఆర్‌కు 0.2, ఎంఆర్‌కు 0.4, ఎంఎస్‌కు 0.8, ఎస్‌కు 1 చొప్పున తీవ్రతతో గుణించి సగటు తీస్తారు. 40ఎస్, 20ఎంఎస్, 10ఎంఆర్, 5ఆర్ ఉంటే 40, 16, 4, 1 కలిసి 61, నాలుగుతో భాగిస్తే 15.25. ఈ సగటు 10 లోపుంటే మంచి రకమని లెక్క. కానీ ఆరు కేంద్రాల్లో అయిదింట సున్నా, ఒకచోట 60ఎస్ వచ్చిందనుకోండి. సగటు సరిగ్గా 10. ఆ అరవై పడిన చోట ఈ రకాన్ని ఓడించే తెగ ఇప్పటికే ఉందనీ, మిగతా అయిదు చోట్లకు ఇంకా చేరలేదనీ అర్థం కావచ్చు. సగటు పక్కనే అత్యధిక తీవ్రత కూడా రాసేది అందుకే. ఎవరైనా సగటు ఒక్కటే చూపిస్తే, రెండో అంకె ఏదని అడగాలి.

నిజం చెప్పి ఓడిన పరీక్షలు

1995లో విడుదలైన పీబీడబ్ల్యూ 343 వాయవ్య భారతంలో లక్షల హెక్టార్లలో పరుచుకుంది. దానిలో పసుపు తుప్పును ఆపే వైఆర్9, వైఆర్27 జన్యువులున్నాయి. వైఆర్9ను జయించే 46ఎస్119 తెగ 1996లో, వైఆర్27ను కూడా జయించే 78ఎస్84 తెగ 2001లో బయటపడ్డాయి. విడుదల నాటి పరీక్షలో తప్పేమీ లేదు. అడిగిన ప్రశ్నకు సరైన జవాబే వచ్చింది, తర్వాత ప్రశ్నే మారిపోయింది. ఒకే రకం అంత విస్తీర్ణంలో ఉండటం ఆ కొత్త తెగకు విందుభోజనం అయ్యింది.

కాడ తుప్పులోనూ ఇలాంటిదే. గోధుమకు దగ్గరి బంధువైన రై అనే ధాన్యపు మొక్క నుంచి గోధుమలోకి తెచ్చిన ఎస్‌ఆర్31 దశాబ్దాల పాటు ప్రపంచమంతా కాపాడింది. 1998లో ఉగాండాలో దాన్ని జయించిన తెగ కనబడింది. అదే యూజీ99. దాన్ని భారతదేశానికి తెచ్చి పరీక్షించే ప్రసక్తే లేదు, తేవడమంటే వదిలిపెట్టడమే. అందుకని స్పోర్లు కాకుండా విత్తనాలు ప్రయాణం చేస్తున్నాయి. కెన్యాలోని న్జోరోలో, ఇథియోపియాలో యూజీ99 తెగలున్న పొలాల్లోనే మన రకాలను, ఇతర దేశాల రకాలను విత్తి చూస్తున్నారు.

అక్కడా ఒక గుణపాఠం ఎదురైంది. ఇథియోపియాలో దిగాలు అనే రకం యూజీ99ను తట్టుకుంది, రైతులు విరివిగా వేశారు. 2013 చివర్లో బాలే ప్రాంతంలో కాడ తుప్పు దాన్ని తుడిచిపెట్టింది. చేసింది యూజీ99 కాదు, టీకేటీటీఎఫ్ అనే వేరే తెగ. ఒక్క పేరుమోసిన శత్రువునే చూస్తూ కూర్చుంటే రెండోవాడు దొడ్డిదారిన వస్తాడు. అందుకే నారు దశ పరీక్షలో ప్రతి రకాన్నీ అనేక తెగల మీద విడివిడిగా చూసి, ఏది ఎక్కడ లొంగిందన్న నమూనాను బట్టి లోపలి జన్యువును ఊహిస్తారు. ఎస్‌ఆర్31, ఎల్‌ఆర్26, వైఆర్9 మూడూ (వరుసగా కాడ, ఆకు, పసుపు తుప్పులను ఆపేవి) ఒకే రై క్రోమోజోము ముక్క మీద కూర్చుని ఉంటాయి. ఆకు తుప్పు నమూనా ఎల్‌ఆర్26ను సూచిస్తే, మిగతా రెండు తుప్పుల నమూనాలు దానికి సాక్ష్యం చెప్పాలి. చెప్పకపోతే ఎక్కడో ట్రేలు తారుమారయ్యాయి.

మెల్లగా తెగులు పట్టనిచ్చే ఎల్‌ఆర్34 లాంటి జన్యువుల మీద ఇప్పుడు ఎక్కువ నమ్మకం ఉంది. ఇది ఏ తెగనూ పూర్తిగా ఆపదు, ఏ తెగకూ పూర్తిగా లొంగదు. ఆకు తుప్పు, పసుపు తుప్పు, కాడ తుప్పు, బూడిద తెగులు అన్నింటినీ కాస్త కాస్త నెమ్మదింపజేస్తుంది. నారు దశలో దీన్ని పట్టుకోవడం కష్టం. ఎదిగిన మొక్కలో ఆకు కొన ఎండటం దీని గుర్తు. చౌడు నేలలోనూ కొన ఎండుతుంది కాబట్టి ఆ గుర్తును ఒంటరిగా నమ్మకూడదు. సీఎస్‌ఎల్‌వీ34 అనే డీఎన్ఏ మార్కర్‌తో సరిచూసుకుంటారు: జన్యువుంటే 150, లేకపోతే 229 బేస్‌జతల పొడవున్న డీఎన్ఏ ముక్క పట్టీలా కనబడుతుంది. మార్కర్ ఉందన్నంత మాత్రాన పొలం పరీక్ష మానేయడానికి లేదు. ఒక్క ఎల్‌ఆర్34 ఉన్న రకం తెగులు ఉధృతంగా వచ్చిన ఏడు చాలినంత కాపాడలేదు. ఇలాంటివి మూడు నాలుగు కలిసినప్పుడే రకం దాదాపు శుభ్రంగా నిలబడుతుంది.

ఆదిలాబాద్ వైపు కొద్దో గొప్పో గోధుమ వేసేవారు రకం కరపత్రంలో ‘తుప్పు తెగుళ్లను తట్టుకుంటుంది’ అన్న వాక్యం చూస్తే, ముందు ఏ తుప్పును అని చూడాలి. ద్వీపకల్ప మండలంలో వచ్చేవి కాడ తుప్పు, ఆకు తుప్పు. పంజాబ్‌లో పసుపు తుప్పును జయించిన రకానికి ఇక్కడ ఆ గొప్ప అక్కరకు రాదు, పసుపు తుప్పుకు మన వేడి సరిపడదు. తర్వాత చూడాల్సింది పరీక్ష జరిగిన ఏడాది, అత్యధిక తీవ్రత అంకె, అదే మడిలో లొంగే రకం మీద ఎంత పడిందన్న లెక్క. ఈ చివరిది కరపత్రాల్లో అరుదుగా అచ్చవుతుంది. కేంద్రాల వార్షిక నివేదికల పట్టికల్లో మాత్రం అడుగు వరుసలో ఉంటుంది.